న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో కారు ప్రయాణం: మ్యాపు చెప్పే గంటలకు ఎంత కలపాలి

విజయవాడ, గుంటూరు వైపు నుంచి న్యూజిలాండ్ వెళ్ళే కుటుంబాల ప్లాన్లలో విమానాలు, వీసా, రూములు అన్నీ పద్ధతిగానే ఉంటాయి. లెక్క తప్పేది రోడ్డు మీద గంటల దగ్గరే. హైదరాబాదుకు 275 కిలోమీటర్లు ఐదు గంటల్లో పోతున్నాం, అక్కడ రోడ్లు ఇంకా బాగుంటాయి, నాలుగు గంటలు చాలనుకుంటారు. రోడ్డు నున్నగా ఉండే మాట నిజమే. కానీ క్రైస్ట్‌చర్చ్ పరిసరాలు దాటాక దక్షిణ ద్వీపంలో స్టేట్ హైవే అంటే దాదాపు అంతటా పోవడానికి ఒక వరుస, రావడానికి ఒక వరుస. మధ్యలో డివైడరు ఉండదు. కొండల్లో అది మన 65వ నంబరు హైవేలా కాక, దోర్నాల దాటాక శ్రీశైలం ఎక్కే ఘాట్‌లా నడుస్తుంది.

ఊరి బయట వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. అది పైహద్దు మాత్రమే, సగటు కాదు. మలుపుల దగ్గర పసుపు బోర్డు మీద 35 అనో 45 అనో రాసి ఉంటే, ఆ మలుపులో ఆ వేగమే సరిపోతుంది. ఒకే బండి పట్టే వంతెనలు చాలా ఉంటాయి. బోర్డు మీద మన వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఆగి ఎదుటివాళ్ళకు దారి ఇవ్వాలి. మన వెనక బండ్లు పోగైతే పక్కకు తీసి వాళ్ళను పోనివ్వడం అక్కడ మర్యాదే కాదు, నియమం కూడా. ఇవన్నీ నిమిషాలు తినేవే. మ్యాపు చూపించే సమయం ఆ దారి అలవాటున్నవాళ్ళు ఎక్కడా ఆగకుండా పోయే వేగానికి దగ్గరగా ఉంటుంది. కొత్తవాళ్ళం, పిల్లలూ పెద్దవాళ్ళూ వెంట ఉన్నవాళ్ళం దాన్ని అందుకోలేం.

అందుకే మొత్తం దూరాన్ని ఒకే వేగంతో భాగించకుండా దారిని ముక్కలు చేయాలి. కాంటర్‌బరీ మైదానాల్లాంటి తిన్నని దారికి సగటున 80 నుంచి 85, కొండ అంచున, సరస్సు ఒడ్డున మలుపుల దారికి 55 నుంచి 60, ఊళ్ళలో 30 వేసుకోవాలి. క్వీన్స్‌టౌన్ నుంచి టె అనావ్ సుమారు 170 కిలోమీటర్లు. అందులో కింగ్‌స్టన్ దాకా మొదటి 47 కిలోమీటర్లు వాకటిపు సరస్సును ఆనుకుని మలుపులే. 60 చొప్పున 47 నిమిషాలు. మిగిలిన 123 కిలోమీటర్లు చాలావరకు తిన్నగా ఉంటాయి. 85 చొప్పున గంటా 27 నిమిషాలు. వెరసి రెండుంబావు గంటలు, మ్యాపు కూడా దాదాపు ఇంతే చెబుతుంది. దీనికి ఒక టీ, బాత్‌రూము విరామం 25 నిమిషాలు, పెట్రోలుకు 15 నిమిషాలు కలిపితే మూడు గంటలకు దగ్గర పడుతుంది. ఈ దారిలో ఫొటోల కోసం పెద్దగా ఆగాల్సిన చోట్లు లేవు. ఉన్న దారుల్లో లెక్క ఇంకా పెరుగుతుంది.

టె అనావ్ నుంచి మిల్ఫర్డ్ సౌండ్ దారి అలాంటిదే. సుమారు 118 కిలోమీటర్లు, మ్యాపులో రెండు గంటల లోపు. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది, పడవలో తిరిగి చూస్తారు. పడవ మధ్యాహ్నం 12:30కి అనుకోండి. ఎక్కడా ఆగకుండా కారు నడపడానికి రెండు గంటలు. ఎగ్లింటన్ లోయ, మిర్రర్ లేక్స్, మంకీ క్రీక్ దగ్గర దిగడానికి కలిపి 50 నిమిషాలు. హోమర్ టన్నెల్ సుమారు 1.2 కిలోమీటర్ల సొరంగం, లోపల ఇరుకు. అక్కడ సిగ్నల్ పడితే 20 నిమిషాల దాకా నిలబడాల్సి రావచ్చు. మిల్ఫర్డ్‌లో పార్కింగ్ వెతుక్కుని రేవు దాకా నడవడానికి 20, పడవ బయలుదేరే ముందు రిపోర్టు చేయడానికి 20. మొత్తం మూడు గంటల 50 నిమిషాలు, అంటే ఉదయం 8:40కి టె అనావ్ వదలాలి. పదింటికి బయలుదేరి మ్యాపును నమ్ముకున్నవాళ్ళకు పడవ తప్పిపోయేది ఇక్కడే. తర్వాతి పడవలో చోటుంటేనే మార్చి ఇస్తారు.

పెట్రోలు టె అనావ్‌లోనే నింపుకోవాలి, మధ్యలో బంకు లేదు. ఫోను సిగ్నల్ కూడా దారిలో చాలాభాగం ఉండదు కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాపు ముందే దించుకోవాలి. మంచు చరియలు జారే చోట ఆగకూడదని బోర్డులు ఉంటాయి. ఫొటో ఎంత ఊరించినా అక్కడ ఆగవద్దు.

క్వీన్స్‌టౌన్‌లో ఉండి మిల్ఫర్డ్‌ను ఒక్కరోజులో చూసి రావడం మన ప్లాన్లలో తరచూ కనిపిస్తుంది. వద్దనే చెప్పాలి. ఒకవైపు 288 కిలోమీటర్లు, రానూపోనూ 576. డ్రైవింగే ఎనిమిది గంటలు, పడవ దాదాపు రెండు గంటలు, ఆగేవి, ఎదురుచూసేవి మరో రెండు. పన్నెండు గంటల రోజు, అందులో చివరి భాగం చీకట్లో మలుపులు. టె అనావ్‌లో రెండు రాత్రులు ఉంటే అదే మిల్ఫర్డ్ హాయిగా చూడొచ్చు. అక్కడ వంటగది ఉన్న మోటెళ్ళు దొరుకుతాయి, ఊళ్ళో సూపర్‌మార్కెట్ ఉంది. ఒక్కరోజు పర్యటనే తప్పదంటే కారు పక్కనపెట్టి బస్సు టికెట్ తీసుకోవడం నయం.

వెలుతురు సంగతి మన సెలవులతో ముడిపడి ఉంది. పిల్లల వేసవి సెలవులని మేలో వెళితే అక్కడ శీతాకాలం దగ్గర పడుతుంటుంది. మే నెలాఖరులో క్వీన్స్‌టౌన్ వైపు ఉదయం ఎనిమిది దాటాక సూర్యోదయం, సాయంత్రం ఐదు ప్రాంతంలో సూర్యాస్తమయం. తొమ్మిది గంటల పగలు. పైన చెప్పిన 12:30 పడవ ముగించుకుని మూడింటికి బయలుదేరితే ఐదుకు, సరిగ్గా మసక చీకట్లో టె అనావ్ చేరతారు. 1:30 పడవ తీసుకుంటే కొండ దారి సగం చీకటే. పొద్దున్నే నీడ పడే మలుపుల్లో కంటికి కనపడని మంచు పొర ఉంటుంది, వేగం ఇంకా తగ్గించాలి. మిల్ఫర్డ్ దారిలో మే నుంచి నవంబరు దాకా చక్రాలకు వేసే చెయిన్లు వెంట ఉంచుకోమనే బోర్డులు పెడతారు. కారు తీసుకునేటప్పుడే అడిగి, ఎలా బిగించాలో చూపించమనాలి. సంక్రాంతికి వెళితే రాత్రి తొమ్మిది దాటినా వెలుగే, కానీ అప్పుడు రద్దీ, రూముల ధరలు రెండూ ఎక్కువ.

మిగతా దారుల్లో బస ఎక్కడ పెట్టాలన్నది కూడా గంటలతోనే తేలుతుంది. మౌంట్ కుక్ కోసం టెకాపోలో దిగితే ఒకవైపు సుమారు 105 కిలోమీటర్లు, ట్వైజెల్‌లో దిగితే 65. సరస్సు ఒడ్డు అందం టెకాపోదే. అయినా రెండు రాత్రులు ఉండేవాళ్ళకు ట్వైజెల్ సౌకర్యం: పెట్రోలు, సరుకులు రెండూ ఊళ్ళోనే. మౌంట్ కుక్ గ్రామంలో సూపర్‌మార్కెట్ లేదు. క్వీన్స్‌టౌన్‌లో సరస్సు కనిపించే రూముకూ పార్కింగుకూ బాగా ఖర్చవుతుంది. ఫ్రాంక్‌టన్‌లో ఉంటే సూపర్‌మార్కెట్లు, విమానాశ్రయం పక్కనే. ఊరి మధ్యకు ఎనిమిది కిలోమీటర్లే అయినా సాయంత్రం ఆ రోడ్డుకు అరగంట వేసుకోండి. చిన్న మోటెళ్ళలో రాత్రి రిసెప్షన్ మూసేస్తారు. ఆలస్యమయ్యేట్టుంటే మధ్యాహ్నమే ఫోను చేసి తాళం ఎక్కడ పెడతారో కనుక్కోవాలి.

క్వీన్స్‌టౌన్ నుంచి వనాకాకు క్రౌన్ రేంజ్ మీదుగా 70 కిలోమీటర్ల లోపే, గంటా పది నిమిషాలు. క్రామ్‌వెల్ మీదుగా సుమారు 115, గంటన్నర. అక్కడి ఎండాకాలంలో మొదటిదే అందం. అక్కడి చలికాలం పొద్దున మాత్రం రెండోది ఎంచుకోవాలి, ఇరవై నిమిషాల తేడా కోసం వెయ్యి మీటర్ల ఎత్తున మంచు రోడ్డు ఎక్కడం దండగ. పశ్చిమ తీరానికి, అంటే హాస్ట్, ఫాక్స్, ఫ్రాంజ్ జోసెఫ్ వైపు వెళ్ళేవాళ్ళు ఒకరోజు ఖాళీ పెట్టుకోవాలి. అక్కడ వర్షాలు ఎక్కువ, దారి ఒక్కటే. 2019 మార్చిలో ఫ్రాంజ్ జోసెఫ్ దగ్గర వైహో నది వంతెన కొట్టుకుపోయింది. ఫాక్స్ అక్కడికి 23 కిలోమీటర్లే, కానీ వంతెన తిరిగి వేసేదాకా ద్వీపం చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. అక్కడి రవాణా సంస్థ నడిపే జర్నీ ప్లానర్‌లో మూసిన దారులు కనిపిస్తాయి. రోజూ పొద్దున్నే చూడాలి.

క్యాంపర్‌వ్యాన్ తీసుకుంటే పై లెక్కలన్నిటికీ ఐదో వంతు కలపండి. 3,500 కిలోలు దాటిన బండికి పరిమితే 90. డీజిల్ బండికి కిలోమీటర్ల చొప్పున రోడ్డు రుసుము కూడా వసూలు చేస్తారు.

మొదటి రోజు అసలు డ్రైవింగ్ పెట్టవద్దు. గన్నవరంలో ఎక్కి మధ్యలో విమానాలు మారి దిగేసరికి ఒక రాత్రి నిద్ర పోయి ఉంటుంది, పైగా వాళ్ళ గడియారం మనకంటే ఆరున్నర గంటలు ముందు, వాళ్ళ వేసవిలో ఏడున్నర. విమానాశ్రయంలో పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు ఏవున్నా న్యూజిలాండ్ ట్రావెలర్ డిక్లరేషన్‌లో రాయాల్సిందే. రాయకపోతే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. రాసినందుకు పరీక్షకు పట్టే సమయం వేరే వేసుకోవాలి. తేనె, పచ్చి కరివేపాకు తీసుకెళ్ళొద్దు. కారు కౌంటర్ దగ్గర ముప్పావు గంట నుంచి గంట పడుతుంది: లైసెన్స్, డ్రైవర్ పేరు మీద క్రెడిట్ కార్డు, డిపాజిట్, కారు మీద ముందే ఉన్న గీతల ఫొటోలు. ఏడేళ్ళ లోపు పిల్లలకు సీటు తప్పనిసరి, అది బిగించడానికి పావుగంట. మన స్మార్ట్ కార్డు లైసెన్స్ ఇంగ్లీషులో ఉంటే చాలు. అయినా ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ కూడా తీసుకెళితే కౌంటర్ దగ్గర వాదన ఉండదు. దాని గడువు ఏడాది.

రోజుకు మ్యాపు గంటలు నాలుగు దాటకుండా చూసుకుంటే, ఆగేవన్నీ కలిసి ఆరు అవుతాయి. ఒక్కరే నడిపే ఇంట్లో అంతకు మించి పెట్టుకోవద్దు. క్రైస్ట్‌చర్చ్ నుంచి ట్వైజెల్ మూడున్నర గంటలు, ట్వైజెల్ నుంచి లిండిస్ పాస్ మీదుగా క్వీన్స్‌టౌన్ రెండున్నర, అక్కడి నుంచి టె అనావ్ రెండుంబావు. ఈ వరుసలో ఏ రోజూ హద్దు దాటదు. క్రైస్ట్‌చర్చ్‌లో తీసుకున్న కారు క్వీన్స్‌టౌన్‌లో వదిలితే అదనపు రుసుము పడవచ్చు, కానీ వెనక్కి ఆరు గంటలు నడిపే పని తప్పుతుంది. విమానం రోజున పెట్రోలు నింపి కారు అప్పగించడానికి 45 నిమిషాలు, ఫ్రాంక్‌టన్ రోడ్డు రద్దీకి మరో 20 తీసి, దాని తర్వాతే చెక్‌ఇన్ సమయం లెక్కపెట్టండి.