కారును ఓడెక్కించడమా, అక్కడే ఫ్యాక్టరీ పెట్టడమా?

అమెరికాలో కార్లు అమ్ముకోవాలనుకునే జర్మన్ కంపెనీకి దారులు రెండు. సొంతగడ్డ మీద తయారుచేసి ఓడెక్కించడం ఒకటి, అమెరికాలోనే ఫ్యాక్టరీ పెట్టడం ఇంకొకటి. పోర్షే మొదటి దారే పట్టింది, దానికి అమెరికాలో ఫ్యాక్టరీయే లేదు. బీఎండబ్ల్యూ 1994 నుంచి సౌత్ కరొలైనాలోని స్పార్టన్‌బర్గ్‌లో కార్లు తయారుచేస్తోంది.

ఓడ దారిలో తయారీ అంతా కళ్లముందే జరుగుతుంది. చిక్కల్లా సుంకంతోనే. ఏళ్ల తరబడి 2.5 శాతం ఉన్న కార్ల సుంకం 2025 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 27.5కి ఎగిరింది. తర్వాత యూరోపియన్ యూనియన్‌తో బేరం కుదిరి 15కి దిగింది. దిగిందని సంబరపడాలా, పాతదానికి ఆరింతలైందని ఏడవాలా?

వ్యాన్ల సంగతి మరీ విచిత్రం. 1960ల మొదట్లో అమెరికా నుంచి చవక కోడిమాంసం పశ్చిమ జర్మనీకి వచ్చి పడుతుంటే యూరప్ సుంకం వేసింది. అందుకు బదులుగా 1964లో అమెరికా చిన్న ట్రక్కుల మీద 25 శాతం బాదింది, సరుకు మోసే వ్యాన్లూ ఆ లెక్కలోకే వస్తాయి. కోళ్ల గొడవ ఎప్పుడో సద్దుమణిగినా ట్రక్కుల సుంకం ఇప్పటికీ పోలేదు. దాన్ని తప్పించుకోవడానికి మెర్సిడెస్ వాళ్లు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో సరుకు మోసే స్ప్రింటర్ వ్యాన్‌ను పూర్తిగా తయారుచేసి, మళ్లీ ఇంజిన్ వగైరా ఊడదీసి విడిభాగాల కింద ఓడెక్కించేవారు. సౌత్ కరొలైనాలోని చార్లెస్టన్ దగ్గర దించుకుని తిరిగి బిగించేవారు. అంత చాకిరీ చేసినా సుంకం కట్టడం కంటే అదే చవక! బీఎండబ్ల్యూ మన చెన్నైలో కార్లు బిగించేదీ ఇలాంటి లెక్కలు చూసుకునే. చివరికి 2018లో మెర్సిడెస్ చార్లెస్టన్ దగ్గరే వ్యాన్ల పూర్తి తయారీ మొదలుపెట్టింది.

ఫ్యాక్టరీ పెట్టేస్తే బెంగ తీరుతుందా? ఫోక్స్‌వ్యాగన్ 1978లో పెన్సిల్వేనియాలో తెరిచింది, అమ్మకాలు పడిపోయి పదేళ్లకే మూసేసింది. స్పార్టన్‌బర్గ్‌కూ యూరప్ నుంచి విడిభాగాలు రావాలి, వాటికీ సుంకమే. 2018లో చైనా అమెరికా కార్లపై సుంకాన్ని 40 శాతానికి పెంచినప్పుడు బీఎండబ్ల్యూ ఎక్స్5కీ దెబ్బ తగిలింది. పేరు జర్మన్‌దే అయినా పుట్టింది అమెరికాలో మరి.

అయినా జోరుగా అమ్ముడుపోయే ఎస్‌యూవీలకు ఫ్యాక్టరీయే మేలంటాను. ఓడ దిగిన కారుకు అమెరికాలో ఓట్లు లేవు. స్పార్టన్‌బర్గ్‌లో పనిచేసే 11,000 మందికి ఉన్నాయి, ఆ సంగతి అక్కడి నాయకులకు బాగా తెలుసు. 911 లాంటి పోర్షే కార్లకు మాత్రం ఓడే నయం. అమ్ముడయ్యేవి తక్కువ, వాటికోసం అక్కడ ఫ్యాక్టరీ కడితే పెట్టుబడి ఎప్పటికి రావాలి?