బేలం గుహల ట్రిప్: వ్యాన్‌కు రెండు స్టార్లు, గుహకు ఐదు

మాది మహబూబ్‌నగర్. గీజర్లు రిపేరు చేస్తా. మొన్న ఆదివారం ఇక్కడి ఒక ట్రావెల్స్ వాళ్ల ఒక్కరోజు ప్యాకేజీలో ఇంటిల్లిపాదీ బేలం గుహలకు వెళ్లొచ్చాం. ముందు కష్టాలు. తెల్లవారుజామున 4 గంటలకని చెప్పి ఐదున్నరకు బండి తెచ్చారు. కర్నూలు దాటగానే ఏసీ చల్లబడటం మానేసింది. భోజనంలో పెరుగు లేదు. అడిగితే "ప్యాకేజీలో లేదు సార్" అన్నారు.

వాళ్ల గైడు కుర్రాడు మంచోడే. కానీ టార్చి కొట్టి "ఇది సింహద్వారం, ఇవి కోటిలింగాలు" అనడం తప్ప ఇంకేం చెప్పడు. ఈ రాళ్లు ఎట్లా పెరిగాయని అడిగితే "నేచురల్ సార్" అన్నాడు.

ఒక మూల, అట్లా పెరిగిన రాయి ఒకటి విరిగి మొద్దులా కనిపించింది. లోపల ఉల్లిగడ్డ కోసినట్టు పొరలు, ఒకటి తెల్లగా, ఒకటి టీ మరక రంగులో. నాకిది కొత్త కాదు. గీజర్ కాయిల్‌కు పట్టిన సున్నం పెచ్చు విరగ్గొడితే అచ్చం ఇట్లాగే ఉంటుంది. ఆ ఇంట్లో ఎన్నాళ్లు బోరు నీళ్లు వాడారో, ఎప్పుడు నల్లా నీళ్లకు మారారో పెచ్చు చూసి చెప్పేస్తా.

"సైంటిస్టులు చేసేదీ అదే నాయనా" అంది జియాలజీ చదివే మా బిడ్డ. వాన నీళ్లు మట్టిలో కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని, సున్నపురాయిని కరిగిస్తూ దిగుతాయి. గుహలో చుక్క పడగానే ఆ గ్యాస్ పోయి సున్నం మిగులుతుంది. గీజర్‌లో ఆ పని వేడి చేస్తుంది. ఇక్కడ మాత్రం రాయి పెరిగేది ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటూ. పొర వయసెట్లా తెలుస్తుందంటే, నీళ్లలో యురేనియం కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. కాబట్టి పొరలో ఉన్న థోరియం అక్కడే యురేనియం నుంచి పుట్టిందన్నమాట. అదెంతో కొలిస్తే వయసు తేలుతుంది. వానల లెక్క పొరలోని ఆక్సిజన్ చెప్తుంది, అందులో తేలిక రకం, బరువు రకం ఉంటాయి. గట్టిగా కురిసిన కాలంలో పొరలో బరువు రకం ఆక్సిజన్ తగ్గుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని దండక్ గుహ రాయిని ఇట్లా చదివితే క్రీ.శ. 600 నుంచి 1500 దాకా వానల సంగతి బయటపడింది. 14వ శతాబ్దంలో వానలు బాగా తగ్గాయట. దక్కన్‌లో దుర్గాదేవి కరువు మొదలైంది 1396లో. ముంబయి బస్సులెక్కే వలసోళ్లను చూస్తూ పెరిగిన పాలమూరోణ్ని, అది విని కాసేపు అక్కడే నిలబడిపోయా. గైడు "టైం అయితుంది సార్" అని పిలిచేదాకా.

గుహ పొడవు 3 కిలోమీటర్లు దాటినా, చూడనిచ్చేది ఒకటిన్నర. లోపల ఉక్కపోత బాగా ఉంటుంది, కాటన్ బట్టలు వేసుకోండి. రాళ్లను చేత్తో రుద్దకండి, చేతి జిడ్డు అంటితే రాయి పాడవుతుంది. ఆ ట్రావెల్స్‌లోనే పోతే మాత్రం పెరుగు డబ్బా ఇంటి నుంచే పట్టుకుపోండి.