బార్ పైకి లాగితే పలకాలంటే: ఫ్లోటింగ్ బ్రిడ్జ్‌తో నా మూడేళ్లు

మూడేళ్లు వాడాక రాస్తున్నాను కాబట్టి ముందే తేల్చి చెప్పేస్తాను. మీ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్‌లో బార్, అంటే తీగలు తగిలించే బ్రిడ్జ్‌ని కదిపే కడ్డీ, నొక్కితే శృతి హాయిగా దిగుతూ, పైకి లాగితే మాత్రం అర ఫ్రెట్ (ఒక ఫ్రెట్ అంటే ఒక అరస్వరం) దగ్గరే ఆగిపోతుంటే, కొత్త బ్రిడ్జ్ కొనకండి, స్ప్రింగులు పెంచకండి. బ్రిడ్జ్ ప్లేటు వెనక అంచుకీ బాడీకీ మధ్య ఎంత సందు ఉందో చూడండి. స్వరం ఎంత పైకి వెళ్లగలదో తేల్చేది ఆ సందే.

నాది మామూలు ధర గిటార్, రెండు పోస్టుల (నిలువు స్క్రూల) మీద నిలబడే ట్రెమలో (బార్‌తో కదిలే బ్రిడ్జ్), 9-42 తీగలు (సన్నదాని, లావుదాని మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). విజయవాడలోనే ఆదివారం చర్చిలో వాయిస్తాను, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో తిరుగుతాను. సినిమా పాటల్లో వీణ బిట్లు, వయొలిన్ బిట్లు చాలాసార్లు గిటార్ మీదే పడతాయి, అక్కడ స్వరం కింది నుంచి లేచి, కాస్త ఊగి, మళ్లీ తన చోటికి రావాలి. ఒక్క తీగ అయితే వేలితో బెండ్ చేస్తే, అంటే పక్కకి తోస్తే, చాలు, కానీ రెండు మూడు తీగలు కలిపి మోగించి మొత్తాన్ని అలా లేపాలంటే బార్ తప్ప దారి లేదు. నా గిటార్‌లో ఆ పని జరిగేది కాదు.

మొదట ఒక షాపులో చూపిస్తే, స్ప్రింగులు బలం చాలడం లేదని చెప్పి మూడు ఉన్నచోట అయిదు వేసి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే ప్లేటు బాడీకి అతుక్కుపోయి ఉంది, ఉన్న ఆ అర ఫ్రెట్ కూడా పోయింది. లియో ఫెండర్ 1954లో స్ట్రాటోకాస్టర్‌తో తెచ్చిన ఈ ఏర్పాటులో తీగలు ప్లేటును ముందుకు లాగుతుంటాయి, వెనక గూట్లో స్ప్రింగులు దాన్ని వెనక్కి లాగుతుంటాయి. స్ప్రింగుల బలం మించితే ప్లేటు వచ్చి బాడీ మీద కూర్చుంటుంది, ఇక పైకి లాగినా కదలడానికి చోటేది? రెండూ సరిసమానంగా నిలిస్తేనే ప్లేటు గాల్లో తేలుతుంది.

అందుకని రెండు స్ప్రింగులు తీసేసి నేనే మొదలుపెట్టాను. సర్దడానికి నేను వాడింది గడువు తీరిన ఏటీఎం కార్డులు. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, నాలుగు పేరిస్తే మూడు మిల్లీమీటర్లు దాటుతుంది, ఫెండర్ వాళ్లు ఈ బ్రిడ్జ్‌కి చెప్పే సందు 3.2 కాబట్టి దగ్గరగా సరిపోతుంది. స్ప్రింగులు తగిలించే ఇనుప పట్టీని క్లా అంటారు, దాని రెండు స్క్రూలూ ముందు బిగువుగానే ఉంచి, ప్లేటు వెనక అంచు కింద నాలుగు కార్డులూ దూర్చాను. ప్లేటు వాటిని గట్టిగా నొక్కిపట్టింది. అప్పుడు ఆరు తీగలూ శృతి చేశాను, కార్డులు ఉన్నాయి కాబట్టి ఒక తీగ బిగిస్తే ఇంకొకటి దిగే గొడవ రాలేదు. తర్వాత గిటార్‌ని పక్కకి నిలబెట్టి క్లా స్క్రూలు పావు తిప్పు అటు, పావు తిప్పు ఇటు వదులు చేస్తూ, ప్రతిసారీ పై కార్డును వేలితో కదిపి చూశాను. చాలాసేపు బిగదీసుకునే ఉంది. ఒక తిప్పు దగ్గర కాస్త గరగరమంటూ జరిగింది, ఇంకో పావు తిప్పుకి నాలుగూ జారి ఒళ్లో పడ్డాయి. ట్యూనర్ పెట్టి చూస్తే అన్ని తీగలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

బార్ పూర్తిగా పైకి లాగితే జి తీగ మూడు ఫ్రెట్లు లేచింది, బి రెండు, సన్న ఇ ఒకటి. అన్నీ సమానంగా లేవవు, అది లోపం కాదు. సన్న ఇ, జి తీగల బిగింపు ఇంచుమించు ఒకటే, కానీ జి తీగలో ఉక్కు మూడింతలు ఎక్కువ, అందుకే అంతే సాగదీతకు దాని శృతి ఎక్కువ పెరుగుతుంది. లావు తీగల సెట్ వేసినా ఈ పరిధి పెరగదు, తీగ మందంతో పాటే బిగింపూ పెరుగుతుంది, మళ్లీ క్లా సర్దుకోవాల్సిన పని మాత్రం మిగులుతుంది. అయిదు స్ప్రింగులతో కూడా తేలించవచ్చు అంటారు, నేను ప్రయత్నించాను, అవి సాగీసాగకుండా ఉండి, బార్ పైకి లాగేసరికి పూర్తిగా వదులైపోయి గిలగిలలాడుతున్నాయి. మూడే మంచివి.

ఇక్కడితో ఆగినా చాలామందికి చాలు. నాకు ఇంకో ఫ్రెట్ కావాలనిపించింది. ప్లేటు ఇంకా పైకి లేవాలంటే పోస్టులు ఎత్తాలి, అవి ఎత్తితే తీగలు కూడా లేచి వాయించలేనంత ఎత్తుకు వెళ్తాయి. కొందరు బ్రిడ్జ్ వెనక చెక్కనే తొలిచేస్తారు, 1987లో వచ్చిన ఐబనీజ్ జెమ్ మీద స్టీవ్ వాయ్ కోసం సింహం గోళ్లతో గీరినట్టు చేసిన గుంట అందుకే. నా గిటార్ మీద రౌటర్ (చెక్క తొలిచే మిషన్) పెట్టడానికి మనసొప్పలేదు, ఒకసారి తొలిచాక చెక్క తిరిగి రాదు. దాని బదులు నెక్‌ను బాడీకి బిగించే గాడిలో, బ్రిడ్జ్ వైపు చివర, అర మిల్లీమీటర్ వెనీర్ (పల్చటి చెక్క) ముక్క పెట్టాను. భవానీపురంలో మా ఇంటి దగ్గర వడ్రంగి మేస్త్రి దగ్గర అడిగితే "ఇంత ముక్కకి డబ్బులెందుకండీ" అని కోసి ఇచ్చాడు. నెక్ వెనక్కి ఆ కాస్త వాలితే బ్రిడ్జ్ దగ్గర లెక్క మూడింతలు దాటి పెరుగుతుంది, దాంతో తీగల ఎత్తు మారకుండానే పోస్టులు మిల్లీమీటరున్నర పైగా ఎత్తగలిగాను. ఇప్పుడు సందు ఆరు కార్డులు. జి తీగ నాలుగు ఫ్రెట్లు దాటి వెళ్తోంది. పికప్‌లు (తీగల కింద శబ్దాన్ని అందుకునే భాగాలు) కూడా కాస్త ఎత్తుకోవాల్సి వచ్చింది, అది చిన్న పని. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి, తీగలు బిగించి ఉండగా పోస్టులు తిప్పకండి, పోస్టులకు ఆనే ప్లేటు కత్తిలాంటి అంచు అరిగిపోతుంది, ఆ తర్వాత బ్రిడ్జ్ ఎప్పటికీ సరిగ్గా వెనక్కి రాదు.

మూడేళ్లలో విసిగించినవీ ఉన్నాయి. అరచేయి ఆనించి మ్యూట్ చేస్తే ప్లేటు వెనక్కి నొక్కుకుని స్వరం పెరుగుతుంది, చేయి తేలిగ్గా ఆనించడం నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒక తీగ బెండ్ చేస్తుంటే పక్కది దిగుతుంది, అది ఈ పద్ధతిలో ఉన్నదే, తప్పదు. మన ఎండాకాలం సంగతి తెలిసిందే, ఏసీ గదిలో శృతి చేసి బయట స్టేజీ మీదకి వెళ్తే పావుగంటలో అన్నీ దిగిపోతాయి, అందుకే స్టేజీ పక్కనే అరగంట ఉంచి అప్పుడు చేస్తాను. వానాకాలం తేమకి స్ప్రింగులు తుప్పు పట్టాయి, ఒకసారి మార్చాను. పోస్టుల గాడిలో ఇంత వాజలీన్, నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) గాడుల్లో పెన్సిల్ పొడి, తీగలు మార్చిన ప్రతిసారీ. పైకి లాగి వదిలాక తీగ కాస్త దిగి ఉంటే, నొక్కి వదిలాక కాస్త పెరిగి ఉంటే, నట్ తీగను పట్టేస్తోందని అర్థం, ముందు అది చూడండి, బ్రిడ్జ్ జోలికి వెళ్లకండి.

అన్నిటికన్నా భయపడింది ఒక ఫిబ్రవరిలో, గుణదల తిరునాళ్ల రోజుల్లో బయట ఒక ప్రోగ్రాంలో. రెండో పాట మధ్యలో బి తీగ తెగింది. తేలే బ్రిడ్జ్ మీద ఒక్కటి తెగితే స్ప్రింగులదే పైచేయి, మిగతా అయిదూ ఒక్కసారిగా పైకి వెళ్లి పాటంతా అపశృతి. చరణానికీ చరణానికీ మధ్య కీబోర్డ్ బిట్ నడుస్తుండగా, జేబులో ఉన్న కార్డులు ఆరూ ప్లేటు వెనక కింద దూర్చేశాను. ప్లేటు సరిగ్గా తన పాత చోటుకి లేచింది, అయిదు తీగలూ శృతిలోకి వచ్చాయి, బార్ ముట్టుకోకుండా ఆ పాట పూర్తి చేశాను. అప్పటి నుంచి ఆ ఆరు కార్డులకీ రబ్బరు బ్యాండ్ వేసి గిటార్ బ్యాగ్ ముందు జిప్పులోనే ఉంచుతున్నాను.