ఎల్‌వీఎన్‌గా చోటు మారడమా, ఆర్‌ఎన్ చదవడమా: ఏది మేలు?

"అక్కా, లైసెన్స్ ఉన్నా నన్నెవరూ నర్సుగా చూడటం లేదు. ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) చదవమంటావా?" డాలస్ చుట్టుపక్కల మన తెలుగు అమ్మాయిలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. చాలామంది హెచ్‌4 డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఏడాది కోర్సు చేసి, ఎన్‌క్లెక్స్-పీఎన్ అనే లైసెన్స్ పరీక్ష పాసై, ఈఏడీ (పని అనుమతి) మీద వృద్ధుల నర్సింగ్ హోమ్‌లలో చేరినవాళ్లు. ఈ లైసెన్స్ ఉన్న నర్సును మిగతా చాలా రాష్ట్రాల్లో ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్) అంటారు, ఇక్కడ టెక్సస్‌లో ఎల్‌వీఎన్ (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్). పని ఒకటే, బాధా ఒకటే.

జీతం తేడా పెద్దదే. 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో దేశం మొత్తం మీద ఎల్‌పీఎన్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 62,340 డాలర్లు, ఆర్‌ఎన్‌లది 93,600. అయినా నా దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లెవరూ జీతం గురించి పెట్టుకోలేదు. తమ మాట చెల్లడం లేదని పెట్టుకున్నారు. నాకూ అదే ముఖ్యం.

నర్సింగ్ హోమ్‌లో ఆర్‌ఎన్ రోజుకు కనీసం ఎనిమిది గంటలు ఉండాలన్నది ఫెడరల్ నిబంధన. అందుకే చాలాచోట్ల రాత్రి బరువంతా ఎల్‌వీఎన్ మీదే. ఒక రాత్రి, రోజూ నన్ను పేరు పెట్టి పిలిచే పెద్దావిడ నన్ను గుర్తుపట్టలేదు. జ్వరం లేదు, బీపీ బాగానే ఉంది. ఆన్‌కాల్ డాక్టర్‌కు ఫోన్ చేస్తే, "ఆర్‌ఎన్ చూశారా? పొద్దున చూద్దాం" అన్నారు. పొద్దున ఆర్‌ఎన్ వచ్చి, నేను రాసిన నోట్సే ఫోన్‌లో చదివింది. వెంటనే యూరిన్, రక్త పరీక్షలకు ఆర్డర్ వచ్చింది. ఇన్ఫెక్షనే. "పట్టుకున్నది నువ్వే" అని ఆ ఆర్‌ఎన్ మనసారా అంది. కానీ ఆ పెద్దావిడకు ఆరు గంటలు ఆలస్యమైపోయింది.

కాబట్టి ముందు మీ బాధ ఏ రకందో చూసుకోండి. పండగ డ్యూటీలన్నీ మీకే వేస్తున్నారా, అందరి ముందూ కసురుతున్నారా? అది ఆ చోటు జబ్బు. అక్కడ ఆర్‌ఎన్ అయినా అదే మనుషులు. అలా నలిగిన ఒక చెల్లెలు పిల్లల హోమ్ హెల్త్‌కు, అంటే ఇంటికెళ్లి చేసే నర్సింగ్‌కు మారింది. ట్రేకియాస్టమీ (గొంతు దగ్గర శ్వాస గొట్టం) ఉన్న ఒక్క బాబు, పన్నెండు గంటల షిఫ్ట్. వాళ్ల అమ్మ ఈమె వస్తేనే నిద్రపోతుంది. బాబు ఆసుపత్రిలో చేరితే మాత్రం ఆ రోజులకు పని ఉండదు. క్లినిక్ ఉద్యోగం సాయంత్రాలు ఇంట్లో ఉండాలనుకునేవాళ్లకు సరే.

కానీ చూసింది మీరై, నిర్ణయం వేరొకరిది కావడమే మీ బాధైతే, చోటు మారితే తీరదు. టెక్సస్‌లో పూర్తి అసెస్‌మెంట్, అంటే రోగి పరిస్థితిని మొత్తంగా అంచనా వేయడం, ఆర్‌ఎన్ పని. ఎల్‌వీఎన్ చేసేది ఫోకస్డ్ (పరిమిత) అసెస్‌మెంట్, అదీ ఒకరి పర్యవేక్షణలో. ఎంత అనుభవం వచ్చినా ఈ గీత జరగదు. అందుకే నా మొగ్గు ఆర్‌ఎన్ వైపే, అందులోనూ కమ్యూనిటీ కాలేజీ బ్రిడ్జి (ఎల్‌వీఎన్ నుంచి ఆర్‌ఎన్ అయ్యే కోర్సు) వైపు.

బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ) చేసినా, కమ్యూనిటీ కాలేజీ రెండేళ్ల డిగ్రీ చేసినా రాసేది అదే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్, వచ్చేది అదే లైసెన్స్. పెద్ద ఆసుపత్రులు బీఎస్ఎన్ అడుగుతాయన్నది నిజమే. దాన్ని ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్లో తర్వాత పూర్తిచేయవచ్చు. బ్రిడ్జిలో కష్టం ముందుండే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ. తర్వాత క్లినికల్స్, అంటే రోగుల దగ్గర చేసే శిక్షణ. అవి ఎక్కువగా పగలే ఉంటాయి కాబట్టి పిల్లల్ని ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి. ఫీజు కంటే నాకు అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ఇండియాలో జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చేసి వచ్చి ఎల్‌వీఎన్ దగ్గర ఆగిపోయినవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మీరు మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేకపోవచ్చు. విదేశీ నర్సింగ్ చదువులను పరిశీలించే ట్రూమెరిట్ (పాత పేరు సీజీఎఫ్‌ఎన్‌ఎస్) వంటి సంస్థతో మీ చదువును మదింపు చేయించి, రాష్ట్ర బోర్డు ఒప్పుకుంటే నేరుగా ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ రాయవచ్చు. ముందు ఆ దారి కనుక్కోండి.

నేను బ్రిడ్జిలో రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. వారాంతం రాత్రుళ్లు ఇంకా ఆ నర్సింగ్ హోమ్‌లోనే చేస్తున్నాను. ఆ పెద్దావిడ కోలుకుంది. మందులు ఇవ్వడానికి వెళ్తే, పరీక్ష ఎప్పుడని పేరు పెట్టి పిలిచి మరీ అడుగుతుంది.