గార్డియన్‌షిప్ సర్టిఫికెట్: కలెక్టరేటు నుంచి వచ్చే ఆ కాగితం ఎంతవరకు అక్కరకొస్తుంది?

మానసిక ఎదుగుదల లోపించిన పిల్లలున్న తల్లిదండ్రులు నలుగురు ఒకచోట కూర్చుంటే, మాట థెరపీల దగ్గర మొదలైనా స్పెషల్ స్కూలు ఫీజుల దగ్గర మొదలైనా, చివరికి “మా తర్వాత వీళ్లకెవరు?” అన్న దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఈ ప్రశ్నకు ప్రభుత్వం చట్టరూపంలో ఇచ్చిన సమాధానం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. దాని కింద జిల్లా స్థాయిలో అందే ముఖ్యమైన సేవ సంరక్షకుల నియామకం, అంటే వాడుకలో గార్డియన్‌షిప్ సర్టిఫికెట్. మేధోవైకల్యం ఉన్న మా చెల్లెలి కోసం ఆ సర్టిఫికెట్ తీసుకుని, బ్యాంకులోనూ పింఛను కాగితాల్లోనూ వాడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. ఆమె తరఫున ఎవరు సంతకం పెట్టాలన్న చిక్కును ఈ సేవ చక్కగా విప్పుతుంది; ఆమెను ఎవరు చూసుకుంటారన్న విషయం జోలికి మాత్రం దాదాపుగా పోదు.

పద్దెనిమిదేళ్లు నిండగానే ఏ బిడ్డయినా చట్టం దృష్టిలో మేజరే. కన్నవాళ్లం కదా అని ఆ తర్వాత కూడా తామే సహజ సంరక్షకులమనుకునే తల్లిదండ్రులు మన చుట్టూ చాలామంది ఉన్నారు, కానీ చట్టం అలా అనుకోదు. బిడ్డ పేరున ఉన్న మైనరు ఖాతా నడవడం ఆగిపోయిన రోజునో, తాతగారి ఆస్తి పంపకాల్లో ఆమె వాటాకు సంతకం కావలసి వచ్చినప్పుడో ఈ సంగతి బయటపడుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికే నేషనల్ ట్రస్ట్ చట్టం వర్తిస్తుంది. స్కిజోఫ్రెనియా వంటి మానసిక వ్యాధులున్నవారి కుటుంబాలకు ఈ దారి లేదు. వారిలో చాలామంది సంరక్షకత్వం కోసం హైకోర్టు మెట్లు ఎక్కవలసి వస్తోంది.

దరఖాస్తు పద్ధతి ప్రభుత్వ పనులతో పోలిస్తే తేలికే. నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైటులోనే ఫారం నింపవచ్చు; వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు, వయసు రుజువు, ఇరువైపుల ఆధార్ కార్డులు, ఫొటోలు, తల్లిదండ్రుల సమ్మతి జతచేయాలి. మా దగ్గర రుసుమంటూ ఏమీ తీసుకోలేదు. నిర్ణయం తీసుకునేది కలెక్టరు అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ. అందులో నేషనల్ ట్రస్టులో నమోదైన ఒక సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి కూడా సభ్యులు. మూడు నెలలకు ఒకసారైనా ఈ కమిటీ సమావేశం కావాలని చట్టం చెబుతోంది. ఆచరణలో కలెక్టరుగారి తీరికను బట్టి అది ముందుకూ వెనక్కూ జరుగుతుంది కాబట్టి, ఆస్తి రిజిస్ట్రేషనో పింఛను మంజూరో నెత్తిమీదికి వచ్చాక దరఖాస్తు పెడితే ఇబ్బంది తప్పదు.

మన తెలుగు కుటుంబాలు ముఖ్యంగా గమనించవలసిన నిబంధన ఇంకొకటి ఉంది. సంరక్షకుడు భారత పౌరుడై ఉండాలి. ఇంటికి ఒకరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడుతున్న ఈ రోజుల్లో, “పెద్దవాడు ఉన్నాడుగా, చెల్లిని వాడే చూసుకుంటాడు” అని ధీమాగా ఉన్న తల్లిదండ్రులకు, ఆ పెద్దవాడు అక్కడి పౌరసత్వం తీసుకున్న రోజు నుంచి ఈ సర్టిఫికెట్‌కు అర్హుడు కాడన్న విషయం ఎవరూ చెప్పరు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కిందికి రాదు. అలాగే స్త్రీకి ఒంటరి పురుషుణ్ణి సంరక్షకుడిగా నియమించరు. భార్యతో కలిపి సహ సంరక్షకత్వం ఇస్తారు. ఈ నిబంధన నాకు నచ్చింది. మా చెల్లెలి స్నానపానాదుల నుంచి నెలసరి వరకు చూసుకుంటున్నది మా అమ్మ తర్వాత నా భార్యే, ఇప్పుడు కాగితం మీద కూడా ఆమె పేరు ఉంది.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక దాని విలువ బ్యాంకు కౌంటరు దగ్గర తెలిసింది. ఒక శాఖలో అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “కోర్టు ఆర్డరు తెండి సార్, ఇది చెల్లదు” అన్నారు. ఈ కమిటీ ఇచ్చే సర్టిఫికెట్‌ను ఖాతా తెరవడానికీ నడపడానికీ అంగీకరించవచ్చని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఎప్పుడో సర్క్యులరు ఇచ్చింది. దాని ప్రతిని ముద్రించి ముందు పెట్టాక గానీ పని కాలేదు. మీరు కూడా ఒక ప్రతి సంచిలో పెట్టుకునే వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000 రూపాయలకు, తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలకు పెరిగిన వికలాంగుల పింఛను మీద బతుకు గడిచే కుటుంబాలకు ఇలాంటి ఒక్కో అడ్డంకీ భారమే. మా నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న సంతానానికి తల్లిదండ్రుల అనంతరం జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. ఆయన బతికుండగానే చెల్లెలి పేరు ఆయన పింఛను ఉత్తర్వులో (పీపీఓ) చేర్పించుకున్నాం. రేపు ఆమె తరఫున ఆ డబ్బు తీసుకునేటప్పుడు ఈ సర్టిఫికెట్ ఆధారంగా ఉంటుంది.

ఇక లోపాల సంగతి. ఈ వ్యక్తికి సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏయే పనులకు అన్నది కమిటీ పరిశీలించాలని చట్టంలోని 14వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. మేము హాజరైన సమావేశంలో మా చెల్లెలిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తనకు ఏ రంగు చీర కావాలో, ఏ పిన్ని ఇంటికి వెళ్లాలో, ఎవరి ఇంట్లో ఉండనో ఆమె గట్టిగానే చెప్పగలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వం గురించి, సంరక్షకుడూ ఆ వ్యక్తీ కలిసి నిర్ణయాలు తీసుకోవడం గురించి మాట్లాడుతుంటే, ఈ సర్టిఫికెట్ మాత్రం అన్ని నిర్ణయాలనూ ఒకేసారి సంరక్షకుడికి రాసిచ్చేస్తోంది. నా లెక్కన ఇదే దీనిలోని పెద్ద లోపం, ఐదుకు మూడు మార్కుల దగ్గర నేను ఆగిపోవడానికి ముఖ్య కారణం కూడా.

డబ్బు ఏర్పాటు ఈ సేవలో భాగం కాదు, అది వేరే చూసుకోవాలి. ఇల్లునో డిపాజిట్లనో నేరుగా బిడ్డ పేరున రాయడం కన్నా, 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం కింద ఒక ప్రైవేటు ట్రస్టు ఏర్పాటు చేసి, వీలునామాలో ఆస్తిని ఆ ట్రస్టుకు చెందేలా రాయించడం మేలని మా వకీలుగారు చెప్పారు, మేమూ అదే చేశాం. ట్రస్టీలుగా అన్నదమ్ములనే కాక బయటి వ్యక్తిని ఒకరిని పెట్టుకుంటే లెక్క చూసే మరో కన్ను ఉంటుంది. నేషనల్ ట్రస్టు నుంచే వచ్చే నిరామయ ఆరోగ్య బీమాను కూడా విడిచిపెట్టవద్దు. లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు, థెరపీల ఖర్చుకూ కొంత ఇస్తారు, కాకపోతే ముందు మనం ఖర్చుపెట్టి బిల్లులు పంపుకోవాలి.

నియామకం తర్వాతి బాధ్యతలను చాలామంది పట్టించుకోరు. సంరక్షకుడు ఆరు నెలల్లోగా ఆ వ్యక్తి ఆస్తులు, అప్పుల జాబితాను కమిటీకి ఇవ్వాలి. ఆపైన ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు సమర్పించాలి. నిర్లక్ష్యం చేసినా ఆస్తిని దుర్వినియోగం చేసినా తల్లిదండ్రులో బంధువో నమోదిత సంస్థో ఫిర్యాదు చేసి, 17వ సెక్షను కింద తొలగింపు కోరవచ్చు. మేము లెక్కలు ఇచ్చి వస్తున్నాం గానీ వాటిని తెరిచి చూసినట్లు ఇంతవరకు ఏ సూచనా అందలేదు. అందుకే మేము ఆ లెక్కల నకలు ఒకటి మా మేనమామగారికి కూడా ఇస్తున్నాం. రేపు మా తీరులో తేడా కనిపిస్తే ఫిర్యాదు చేసే అర్హత బంధువుగా ఆయనకు ఉంది, చేసే మనిషి కూడా ఆయనే.