బాల్ పైథాన్‌కు పరాన్నజీవులు: విజయనగరంలో దొరికిన సరైన వైద్యం

మా బాల్ పైథాన్ (ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ) నీళ్ల గిన్నెలో నల్లటి చుక్కలు తేలడం చూసి, అవి మైట్లేనని (పాము రక్తం పీల్చే సూక్ష్మ పురుగులు) అనుమానించి, మొదట శ్రీకాకుళంలో ఒక చోట చూపించాం. అక్కడ పామును కనీసం తూకమైనా వేయకుండా, కుక్కలకు వాడే పిడుదుల మందు పూయమన్నారు. ఆ సలహా పాటించే ధైర్యం చేయలేదు.

తరువాత వెళ్లిన విజయనగరంలోని వైద్యశాలలో డాక్టరు గారు ముందుగా పరివేష్ (విదేశీ జాతి పెంపుడు జంతువులను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) నమోదు పత్రం అడిగారు. మన దేశపు పాములను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక ఆ ప్రశ్న నాకెంతో నచ్చింది. ఆ తరువాత కళ్ల అంచులనూ గడ్డం కింది మడతనూ భూతద్దంతో పరిశీలించి, పామును గ్రాముల్లో తూచి, తాజా మలాన్ని మైక్రోస్కోపు కింద ఉంచి నులిపురుగుల గుడ్లను మాకూ చూపించారు. లోపలి పురుగులకు ఫెన్‌బెండజోల్ ఇచ్చి, రెండు వారాలకు మరో మోతాదు వేశారు. మైట్లకు ఐవర్‌మెక్టిన్‌ను బరువును బట్టి లెక్కగట్టి ఇస్తూ, ఇదే మందు తాబేళ్లకు ప్రాణాంతకమని గట్టిగా హెచ్చరించారు.

మైట్లు గుడ్లు పెట్టేది ఎక్కువగా పెట్టె పగుళ్లలోనే కాబట్టి, పెట్టె అడుగున పరిచిన పాత పొట్టును, చెక్క ముక్కలను పారేసి, కొన్ని వారాలపాటు కాగితం మాత్రమే పరిచి తరచూ మార్చమన్నారు. నిజానికి మాకు మేలు చేసింది ఈ సూచనే.

ఆదివారం సెలవు, సరీసృపాలను చూసే డాక్టరు ఉదయం పూట మాత్రమే ఉంటారు కనుక ముందే ఫోన్ చేసి వెళ్లాలి. ఆరో వారం మల పరీక్షలో గుడ్లు కనిపించలేదు, పాము మళ్లీ మేత తీసుకుంటోంది.