ఇన్నో సెటప్ సమీక్ష: ఆట మోడ్‌తో పాటు తెలుగు ఫాంటును పంపించడం

నల్లకుంటలో ఉండే మేము ముగ్గురు మిత్రులం బొమ్మలతో, సంభాషణలతో కథ చెప్పే ఒక విజువల్ నావెల్ ఆటకు తెలుగు మోడ్ (ఆటను తెలుగులో చూపించే మార్పుల ఫైళ్లు) తయారుచేశాం. మొదట దాన్ని జిప్ ఫైలుగా పంచితే, ఏ ఫైలు ఏ ఫోల్డరులో పెట్టాలని అడిగే ఫోన్లకే మా సాయంత్రాలు సరిపోయాయి. అందువల్ల ఇన్‌స్టాలర్ తయారీకి ఇన్నో సెటప్‌ను ఎంచుకున్నాం. 1997 నుంచి వాడుకలో ఉన్న ఈ సాధనం వ్యాపారేతర అవసరాలకు ఉచితం. దీనిలో ఫాంట్ల పని ఎంత బాగా సాగుతుందన్నంత వరకే ఈ సమీక్ష.

విండోస్‌లో ఫాంటును ఇన్‌స్టాల్ చేయడానికి ఒక్క వాక్యం చాలు. ఇన్‌స్టాలర్ ఏం చేయాలో రాసే స్క్రిప్టులోని ఫైల్స్ విభాగంలో ఫాంటు ఫైలునూ అది చేరవలసిన చోటునూ రాసి, ఫాంట్‌ఇన్‌స్టాల్ అనే పారామీటర్‌కు ఫాంటు పేరు ఇస్తే, కాపీ చేయడంతో పాటు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) నమోదు చేసే పనీ అదే చూసుకుంటుంది. అయితే అక్కడ ఇవ్వవలసినది ఫైలు పేరు కాదు. ఫైలును డబుల్ క్లిక్ చేసినప్పుడు కనిపించే పేరును పొల్లు పోకుండా ఇవ్వాలి. గమ్యస్థానంగా ఆటోఫాంట్స్ అని రాస్తే, ఇన్‌స్టాలర్ అడ్మిన్ హక్కులతో నడిచినప్పుడు అందరికీ చెందిన ఫాంట్ల ఫోల్డరులోనూ, ఆ హక్కులు లేనప్పుడు ఆ వాడుకరి సొంత ఫోల్డరులోనూ పెడుతుంది. హైటెక్ సిటీలో పనిచేసే మా మిత్రుడొకడు ఆఫీసు ల్యాప్‌టాప్ మీద (ఇది బయటికి చెప్పకూడని సంగతి) అడ్మిన్ పాస్‌వర్డ్ అవసరం లేకుండానే మండలి అనే తెలుగు ఫాంటును ఎక్కించుకున్నాడు. వాడుకరికి విడిగా ఫాంటు పెట్టే ఈ సౌకర్యం విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి మాత్రమే ఉంది కనుక, పాత కంప్యూటర్లకు అడ్మిన్ హక్కులు తప్పవు.

ఇంత చేసినా ఆటలో తెలుగు కనిపించలేదు. చాలా ఆటలు విండోస్ ఫాంట్ల జోలికి పోకుండా తమ ఫోల్డరులో ఉన్న ఫాంటు ఫైలునే చదువుకుంటాయి. మేం ఎంచుకున్న ఆటా అంతే. కాబట్టి ఆట ఫాంటు స్థానంలో, అదే పేరుతో, మన ఫాంటును పెట్టవలసి వచ్చింది. నేను బోల్తాపడ్డది ఇక్కడే. వనస్థలిపురంలో ఉండే మా పిన్ని కొడుకు ఇన్‌స్టాల్ చేసి చూసి, మోడ్‌ను తీసేసి, వెంటనే ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, తెలుగు పోయింది సరే, ఆట అసలు తెరుచుకోవడమే లేదు."

అన్‌ఇన్‌స్టాలర్ తాను పెట్టిన ఫైలును తీసేస్తుంది గానీ, దాని కింద పోయిన పాత ఫైలును తెచ్చి పెట్టదు. ఆ సంగతి ముందే ఆలోచించకపోవడం నా తప్పు. పాత ఫాంటును బ్యాకప్ ఫోల్డరులోకి కాపీ చేసే వాక్యాన్ని రెండు ఫ్లాగ్‌లతో (వాక్యం చివర చేర్చే సూచనలతో) కొత్త ఫాంటు వాక్యానికి పైన రాశాను: ఫైలును వాడుకరి కంప్యూటర్ నుంచే తీసుకోమనే ఎక్స్‌టర్నల్, అన్‌ఇన్‌స్టాల్‌లో బ్యాకప్‌ను చెరపవద్దనే అన్‌ఇన్స్ నెవర్ అన్‌ఇన్‌స్టాల్. ఫైల్స్ విభాగంలోని వాక్యాలు రాసిన వరుసలోనే అమలవుతాయి కనుక ఆ క్రమం ముఖ్యం. తిరిగి యథాస్థానంలో పెట్టే పనిని కోడ్ విభాగంలో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు వరుసలు రాసి అన్‌ఇన్‌స్టాల్ చివరి దశకు అప్పగించాను. అప్పటికీ రెండో వెర్షన్‌ను మొదటిదాని మీదే ఇన్‌స్టాల్ చేసినవారి బ్యాకప్‌లోకి అసలు ఫాంటుకు బదులు మా తెలుగు ఫాంటే చేరింది. బ్యాకప్ ఇప్పటికే ఉంటే ముట్టుకోవద్దని చెప్పే ఓన్లీ ఇఫ్ డజ్‌నాట్ ఎగ్జిస్ట్ అనే ఫ్లాగ్ చేర్చాక ఆ బెడద తీరింది. ఈ మెలికలన్నిటికీ సాధనంలోనే మార్గం ఉండటం నాకు నచ్చింది. వాటిని సహాయ పత్రాల్లో వెతికి పట్టుకోవడానికి రెండు ఆదివారాలు పోవడం మాత్రం నచ్చలేదు.

ఏ ఇన్‌స్టాలరూ తీర్చలేని ఇబ్బంది మరొకటి ఉంది. ఆట ఇంజిన్‌లో హార్ఫ్‌బజ్ వంటి అక్షరాలను కూర్చే వ్యవస్థ లేకపోతే, ఎంత మంచి ఫాంటు పెట్టినా ఒత్తులు కిందికి దిగవు, గుణింతాలు అతుక్కోవు. స్క్రిప్టు మొదలుపెట్టే ముందే ఆట సంభాషణల ఫైలులో "స్త్రీ" అన్న ఒక్క మాట రాసి చూసుకోవడం మేలు. అది ముక్కలుగా విడిపోతే ఆ ఆటను వదిలేయవచ్చు. ఫాంటు ఎంపికలోనూ తొందరపడకూడదు. రామభద్ర శీర్షికలకు నిండుగా ఉంటుంది గానీ, అంత లావు అక్షరాలు సంభాషణల పెట్టెలో ఇమడవు. మండలి చిన్న సైజులో కూడా హాయిగా చదివిస్తుంది. ఈ రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద లభిస్తున్నాయి కనుక మోడ్‌తో పాటు నిస్సంకోచంగా పంచవచ్చు, కాకపోతే ఆ లైసెన్సు పత్రాన్ని కూడా వెంట పంపాలి. మా స్క్రిప్టులో దాని కోసం ఇంకొక్క వాక్యం చేరింది.